ముంబైకా, చెన్నైకా? రెండు చోట్లా కాపురం చేసినవాడి సమాధానం

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇది. మీది మిర్యాలగూడ దగ్గర ఊరు. కంపెనీ ప్రమోషన్ ఇచ్చి ముంబైలో అంధేరి ఆఫీసు గానీ చెన్నైలో గిండీ ఆఫీసు గానీ ఎంచుకోమంది. చేతికొచ్చే జీతం రెండు చోట్లా అరవై ఐదు వేలే. పెళ్లయి ఏడాదైంది. మీ ఆవిడ ఎం.కాం చదివింది, ఉద్యోగం చూసుకోవాలనుకుంటోంది. అమ్మ మీతోనే వస్తుంది, ఆమెకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. రోజువారీ బతుకు ఏ ఊర్లో సాఫీగా సాగుతుందని నీ ప్రశ్న.

మీ ముగ్గురికీ కలిపి చూస్తే చెన్నై. నువ్వు ఒక్కడివే వెళ్తుంటే ముంబైకి పొమ్మని చెప్పేవాణ్ణి. మీరిద్దరే అయితే మీ ఆవిడ ఉద్యోగాన్ని బట్టి ఆలోచించమనేవాణ్ణి. అమ్మ కూడా వస్తున్నది కాబట్టి, అంధేరి చుట్టుపక్కల ఇల్లు ఈ జీతానికి అందదు కాబట్టి చెన్నై అంటున్నాను. కారణాలు కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇదే ప్రశ్న మన జిల్లాల పిల్లలు తరచూ అడుగుతున్నారు, అందరికీ జవాబు ఒకటే కాదు.

నాది నారాయణపేట దిక్కు. సివిల్ ఇంజనీరుగా ముంబైలో చాలా ఏండ్లు సైట్లలో పనిచేసి, తర్వాత చెన్నైకి బదిలీ అయి ఇక్కడే ఉన్నాను. రెండు చోట్లా కిరాయి ఇండ్లల్లోనే ఉన్నాం. కొత్తగా చేరే తెలుగు స్టాఫ్‌కు ఇల్లు చూసిపెట్టే పని కూడా ఎక్కువగా నా మీదే పడుతుంది. అందుకే ఈ విషయంలో నేను సముద్రం, బీచ్, సినిమాల గురించి కాకుండా ముందు ఇల్లు, తర్వాత రైలు, తర్వాత నీళ్ల గురించి చెప్తాను.

ఇల్లు, ఆఫీసు మధ్య దూరం. అన్నిటికన్నా ఇదే ముఖ్యం. అంధేరిలో ఒక బెడ్‌రూం ఇల్లు ముప్పై ఐదు, నలభై వేలకు తక్కువ దొరకడం కష్టం. అమ్మకు విడిగా గది కావాలంటే రెండు బెడ్‌రూంలు కావాలి, అది నీ జీతంలో కుదరదు. కాబట్టి నువ్వు ఉత్తరానికి జరుగుతావు. బోరివలి దాటి మీరా రోడ్, అదీ దాటి వసై, నాలాసోపారా, విరార్. అక్కడ ఇల్లు చవక. కానీ పొద్దున ఏడున్నర నుంచి పది దాకా, సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా పశ్చిమ లైన్లో నిలబడడానికి కూడా చోటు వెతుక్కోవాలి.

లోకల్ రైలు తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. అది ముంబైకి ప్రాణం. రాత్రి ఒంటిగంట దాకా నడుస్తుంది, మళ్లీ తెల్లవారుజామున నాలుగింటికల్లా మొదలవుతుంది. రెండో తరగతి నెల పాసు కొన్ని వందల రూపాయలే, అంత దూరానికి అది చాలా చవక. అయితే దాన్ని ఎక్కడం, దిగడం ఒక విద్య. ఫాస్ట్ రైలు ఏ స్టేషన్లలో ఆగుతుంది, స్లో రైలు ఎక్కడ ఆగుతుంది, నీ స్టేషన్లో ప్లాట్‌ఫారం కుడివైపు వస్తుందా ఎడమవైపు వస్తుందా, ఇవన్నీ నోటికి రావాలి. దాదర్లో దిగాలంటే ముందు స్టేషన్ దాటకముందే తలుపు దిక్కు జరగాలి, "దాదర్ ఉతర్‌నా హై క్యా?" అని ముందున్నవాణ్ణి అడుగుతూ. అతను ఔనంటే అతని వెనకే నిలబడితే చాలు, జనమే దించేస్తారు. ముగ్గురు కూర్చునే బల్ల మీద నాలుగోవాడు అంచున ఒదిగి కూర్చుంటాడు, ఎవరూ ఏమీ అనరు, అది అక్కడి మర్యాద. సాయంత్రం విరార్ ఫాస్ట్ ఎక్కి మధ్యలో బోరివలిలో దిగుతానంటే మాత్రం లోపలివాళ్లు ఒప్పుకోరు. వాళ్ల బాధ వాళ్లది, చివరిదాకా పోవాల్సినవాళ్లకే చోటు చాలదు.

పాతికేండ్ల కుర్రాడు నెల రోజుల్లో ఇదంతా నేర్చుకుంటాడు. మీ అమ్మ వయసు మనిషిని ఆ గుంపులో ఎక్కించలేవు. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు మధ్యలోనే ఆమెను బయటికి తీసుకుపోగలవు. అదీ ఆదివారం అయితే పట్టాల మరమ్మతుకు మెగా బ్లాక్ పెట్టి రైళ్లు తగ్గిస్తారు. నీకు దొరికే ఒక్క సెలవు దినం కూడా అలా పోతుంది.

ఇప్పుడు గిండీ సంగతి చూడు. గిండీకి బీచ్–తాంబరం లోకల్ రైలు ఉంది, మెట్రో ఉంది, బస్సులకు లెక్కే లేదు. ఆదంబాక్కం, నంగనల్లూరు, పల్లావరం, క్రోంపేట ఈ నాలుగు ఏరియాల్లో ఎక్కడ తీసుకున్నా తలుపు దగ్గర్నుంచి తలుపు దాకా నలభై ఐదు నిమిషాలు దాటదు. రెండు బెడ్‌రూంల ఇల్లు పద్దెనిమిది నుంచి పాతిక వేల మధ్య చూడొచ్చు. నంగనల్లూరైతే అమ్మకు ఇంకా బాగుంటుంది. గుడులు దగ్గర దగ్గర ఉంటాయి, వీధులు నడవడానికి అనువుగా ఉంటాయి, ఆంజనేయుడి గుడి దగ్గర సాయంత్రం పెద్దవాళ్లు కూర్చునే చోటు దొరుకుతుంది. మీ ఆఫీసు గిండీ కాక ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద షోలింగనల్లూరు, సిరుసేరి దిక్కు అయ్యుంటే నా జవాబులో ఇంత ధీమా ఉండేది కాదు. అక్కడ మాధవరం నుంచి సిప్‌కాట్ దాకా మెట్రో రెండో దశ పనులకు రోడ్డంతా తవ్వారు.

ముంబైలో ఈమధ్య వచ్చిన మంచి మార్పు కూడా చెప్పాలి. 2014లో వెర్సోవా–అంధేరి–ఘాట్కోపర్ మెట్రో వచ్చింది. 2023 జనవరి నుంచి దహిసర్ దిక్కు నుంచి అంధేరికి రెండు మెట్రో లైన్లు పూర్తిగా నడుస్తున్నాయి. అంధేరి ఆఫీసే తీసుకోవాల్సి వస్తే మీరా రోడ్, దహిసర్ మధ్యలో మెట్రోకు దగ్గరగా ఇల్లు చూడు. లోకల్ తోపులాట తప్పుతుంది. ములుండ్ దిక్కు ఉంటే ఘాట్కోపర్లో మారి మెట్రోలో రావచ్చు.

ఆటోల విషయంలో ముంబైకి సాటి లేదు. మీటరు వేస్తారు, చిల్లర తిరిగిస్తారు. అయితే బాంద్రా, సయాన్ దాటి దక్షిణానికి ఆటోలు పోవు, అక్కడంతా టాక్సీలే. చెన్నైలో మీటరు మాట ఎత్తితే గొడవే, యాప్‌లోనే పిలుచుకోవాలి.

అడ్వాన్సు, అగ్రిమెంటు. ముంబైలో పదకొండు నెలల లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంటు రిజిస్టర్ చేస్తారు, బ్రోకరుకు ఒక నెల కిరాయి పోతుంది, గడువు అయ్యాక ఓనరు ఖాళీ చేయమంటే మళ్లీ బ్రోకరు ఖర్చు. సొసైటీ వాళ్ల అనుమతి కూడా కావాలి. చెన్నైలో పూర్వం నుంచి పది నెలల అడ్వాన్సు అడిగే అలవాటు ఉంది. తమిళనాడు 2017లో చేసిన అద్దె చట్టం ప్రకారం ఇద్దరూ వేరేగా ఒప్పుకుంటే తప్ప మూడు నెలల కిరాయికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అయినా ఐదు, ఆరు నెలలు అడిగే ఓనర్లు ఉన్నారు. చట్టం పేరు మెల్లగా ప్రస్తావించి బేరమాడితే చాలామంది దిగివస్తారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చు అని ఒక నెల కిరాయి కోసుకోవడం ఇక్కడ మామూలు. అది అగ్రిమెంటులో ఎంతని ముందే రాయించు.

ఇంకొకటి, కరెంటు. తమిళనాడులో ఇంటి కరెంటు బిల్లు రెండు నెలలకు ఒకసారి వస్తుంది, మొదటి నూరు యూనిట్లు ఉచితం. నీ వాటాకు విడి మీటరు ఉందో లేదో చూసుకో. లేకపోతే ఓనరు తన లెక్కన యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తాడు, ఎండాకాలం ఏసీ వేస్తే ఆ తేడా బాగా తెలుస్తుంది.

మాంసం వండుతారా అన్న ప్రశ్న రెండు ఊర్లలోనూ ఎదురవుతుంది. ఉన్నమాటే చెప్పండి. అబద్ధం చెప్పి దిగితే ఆదివారం ఆదివారం భయంతో వండుకోవాల్సి వస్తుంది.

నీళ్లు. ముంబై నన్ను మొదట ఆశ్చర్యపరిచింది ఇక్కడే. తాన్సా, భాత్సా, వైతరణ వంటి ఏడు జలాశయాల నుంచి నీళ్లు వస్తాయి. నల్లా వచ్చేది రోజుకు కొన్ని గంటలే అయినా ఆ నీళ్లు చాలా ఇండ్లల్లో వడపోసుకుని నేరుగా తాగుతారు. నల్లగొండ వాళ్లకు తాగునీటి విలువ వేరే చెప్పనక్కర్లేదు, ఫ్లోరైడ్ మన ఊర్లను ఎట్లా వంచిందో మనకు తెలుసు. చెన్నైలో మెట్రో వాటర్ (నగర నీటి బోర్డు) నీళ్లు సంపులోకి వస్తాయి, మోటారు వేసి పైకెక్కిస్తారు, తాగడానికి మాత్రం దాదాపు అందరూ ఇరవై లీటర్ల క్యాన్ కొంటారు. సముద్రానికి దగ్గరి వీధుల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గోడల రంగు తర్వాత చూడు, ముందు బోరు నీళ్లు చేతిలో పోసుకుని నోట్లో వేసుకో. సబ్బు నురగ వస్తుందా చూడు. 2019 వేసవిలో ఈ నగరానికి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. ఆ రోజుల్లో లారీ వస్తే బిందెలతో నేనూ వరుసలో నిలబడ్డాను.

ఇందులో మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒక్కో రాష్ట్రం తన కృష్ణా వాటాలోంచి ఐదు టీఎంసీలు చెన్నై తాగునీటికి ఇస్తామని ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాల మధ్య తెలుగుగంగ ఒప్పందం జరిగింది. ఆ నీళ్లు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా చెన్నై దగ్గరి పూండి జలాశయానికి వస్తాయి. ఆ కృష్ణా నది తెలంగాణలోకి అడుగుపెట్టేది మా నారాయణపేట జిల్లాలోనే. మా చుట్టుపక్కల ఊర్లు ఎండి, జనం సంచి సర్దుకుని ముంబై బస్సెక్కిన ఏండ్లలోనే ఈ ఒప్పందాలు జరిగాయి. నీళ్లు తూర్పుకు, మనుషులు పడమటికి పోయారు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

వాన, ఎండ. మనకు జూన్‌లో మొదలయ్యే వానే ముంబైకీ. కానీ అక్కడ అది నాలుగు నెలలు వదలదు. బట్టలు ఆరవు, తోలు చెప్పులకు, బెల్టుకు బూజు పడుతుంది, గోడలు చెమరుస్తాయి. భారీ వాన, సముద్రపు పోటు ఒకేసారి వచ్చినప్పుడు కాలువల నీళ్లు సముద్రంలోకి పోలేక వెనక్కి తంతాయి. హింద్‌మాతా, అంధేరి సబ్‌వే, కుర్లా దగ్గర నీళ్లు నిలిచేది అందుకే. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు పడింది. అందుకే అక్కడివాళ్లు వానాకాలంలో పేపర్లో పోటు వేళలు కూడా చూసుకుంటారు.

చెన్నైకి వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన దగ్గర వరి కోతలు పడే వేళకు. అది రోజూ పడే వాన కాదు, తుఫాను వస్తే రెండు మూడు రోజుల్లో దంచి పోతుంది. 2015 డిసెంబరులో అడయారు నది పొంగి సైదాపేట, కొట్టూర్‌పురం దిక్కు మునిగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు వేళచ్చేరి, పళ్లికరణై మళ్లీ మునిగాయి. ఆ రెండు ఏరియాలు చిత్తడి నేల పక్కన ఉన్నాయి. అక్కడ గ్రౌండ్ ఫ్లోర్ ఎంత చవకగా వచ్చినా తీసుకోకు. ఏ వీధిలోనైనా సరే ఓనర్ని అడక్కు, ఎదురుగా ఉన్న కిరాణం దుకాణం అతన్ని అడుగు, 2015లో, 2023లో నీళ్లు ఎంతదాకా వచ్చాయని. చేత్తో చూపిస్తాడు.

ఎండ సంగతి. నల్లగొండలో నలభై నాలుగు డిగ్రీలు చూసినవాళ్లం, చెన్నై నలభై మనల్ని ఏం చేస్తుందిలే అనుకుంటారు. మనది పొడి ఎండ, నీడలోకి వస్తే తేరుకుంటాం. చెన్నైలో నీడలో కూడా చెమట కారుతూనే ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే కొంచెం ఊపిరి ఆడుతుంది, అది ఆలస్యమైన రోజు కష్టం. మే నెలలో అమ్మను ఊరికి పంపినా అక్కడా ఎండే కాబట్టి, పడకగదిలో ఏసీకి డబ్బు పక్కన పెట్టుకో. ముంబైలో ఎండ అంత తీవ్రంగా ఉండదు, వానలు పోయాక అక్టోబరు ఉక్కపోత మాత్రం ఇబ్బంది పెడుతుంది.

భాష, తోడు. మన తెలంగాణ మగవాళ్లకు హిందీ ఎంతో కొంత వస్తుంది, హైదరాబాద్ పుణ్యమా అని. ముంబైలో మొదటి రోజు నుంచే పని జరుగుతుంది. మనోళ్లు అక్కడ కొత్తేమీ కాదు. కామాటిపురా పేరే తెలుగు దిక్కు నుంచి పోయిన కామాటి కూలీల వల్ల వచ్చింది. వర్లీలో, భివండీ మరమగ్గాల దగ్గర నల్లగొండ, కరీంనగర్ పద్మశాలీలు తరాలుగా ఉన్నారు. దాదర్ దిక్కు ఆంధ్ర మహాసభ ఉంది. పాలమూరు మేస్త్రీలు, కూలీలు పొద్దున నాకాల (కూలీల అడ్డాల) మీద నిలబడి ఉంటే మన మాటే వినిపిస్తుంది. కానీ ఈ తెలుగు బస్తీలు అంధేరి ఫ్లాట్లకు, మీరా రోడ్‌కు దగ్గర కాదు. నువ్వు పొద్దున ఎనిమిదికి పోయి రాత్రి తొమ్మిదికి వస్తే, మీ ఆవిడ కూడా ఉద్యోగానికి పోతే, నాలుగో అంతస్తులో తలుపు వేసుకుని అమ్మ ఒక్కతే పదమూడు గంటలు ఉండాలి. మా సైట్లో పనిచేసిన సూపర్‌వైజర్ ఒకతను తల్లిని తెచ్చుకున్నాడు. మొదటి వానాకాలం కూడా గడవకముందే ఆమె ఊరికి పోతానని ఏడ్చింది. కొడుకు బాగానే చూసుకున్నాడు, ఆమెకు మాట్లాడే మనిషి లేదు, అంతే.

చెన్నైలో మధ్యవయసు దాటినవాళ్లలో తెలుగు అర్థమయ్యేవాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చదవడం రాదు. మన తెలంగాణ మాట వాళ్లకు కొత్తగా ఉంటుంది, వాళ్ల తెలుగు మనకు కొత్తగా ఉంటుంది, రెండు వారాల్లో కుదురుకుంటుంది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు పాల ప్యాకెట్లు తెచ్చే వంకతో పొద్దున ఐదున్నరకే కిందికి దిగేది. నీలం ప్యాకెట్, పచ్చ ప్యాకెట్, నారింజ ప్యాకెట్ అని ఆవిన్ పాలకు రంగులే గుర్తు, భాష అక్కర్లేదు. ముగ్గు వేస్తున్న ఎదురింటామెతో అక్కడే పరిచయమైంది. ఇంకో సౌకర్యం, మామూలు సిటీ బస్సుల్లో 2021 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు. మన దగ్గర 2023 డిసెంబరులో వచ్చిన పథకం లాంటిదే కాబట్టి అమ్మకు అలవాటే. తిరుపతి కూడా నాలుగు గంటల్లోపు దూరం. ఆమెకు అది పెద్ద మాట.

నీకు మాత్రం తమిళం రాక మొదటి ఆరు నెలలు ఇబ్బందే. హిందీ మాట్లాడి నెట్టుకురాలేవు. అంకెలు, కూరగాయల పేర్లు, దారి అడగడం ఈ మూడూ ముందు నేర్చుకో, ఆ ప్రయత్నం చూసి అవతలివాళ్లే సాయం చేస్తారు.

తిండి. ఇక్కడ ముంబై వైపే నా ఓటు. పాలమూరు వాళ్లకు జొన్న రొట్టె లేనిదే తిన్నట్టుండదు. ముంబైలో జొన్న పిండి ఏ పిండిగిర్నీలోనైనా దొరుకుతుంది, భాకరీ చేసి అమ్మేవాళ్లు ఉంటారు, పక్కన ఎర్రకారం, ఉల్లిగడ్డ పెడతారు. చెన్నైలో జొన్నల కోసం వెతకాలి. ఇక్కడి ఇండ్లల్లో, చాలా హోటళ్లలో వాడేది ఉప్పుడు బియ్యం. మన సోనా మసూరి తిన్న నోటికి ఆ అన్నం మొదట్లో దిగదు. పచ్చి బియ్యం అడిగి కొనుక్కో, ఊరి నుంచి ఒక బస్తా తెచ్చుకుంటే ఇంకా మంచిది. మిర్యాలగూడ వాళ్లకు బియ్యానికి కొదవా?

మీ ఆవిడ ఉద్యోగం. నా జవాబుకు ఎదురు నిలిచే అంశం ఇదొక్కటే. బ్యాంకులు, ఫండ్ కంపెనీలు, ఆడిట్ ఆఫీసులు ముంబైలో ఉన్నంత దట్టంగా చెన్నైలో లేవు. ఎం.కాం చదివినవాళ్లకు అక్కడ దారులు ఎక్కువ. రాత్రి పది తర్వాత కూడా ఆడవాళ్లు రైళ్లలో, వీధుల్లో జంకు లేకుండా తిరగడం నేను ముంబైలో రోజూ చూసేవాణ్ణి. చెన్నైలోనూ అకౌంట్స్ ఉద్యోగాలు ఉన్నాయి, గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోనే చాలా ఆఫీసులు ఉన్నాయి, కాకపోతే చిన్న కంపెనీల్లో తమిళం వచ్చినవాళ్లకే మొగ్గు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పేరా ఇద్దరూ కలిసి చదవండి. ఆమె తన ఉద్యోగానికే మొదటి పీట వేస్తానంటే, అమ్మ ఏడాదిలో సగం రోజులు ఊర్లో ఉండటానికి ఒప్పుకుంటే, ముంబై తప్పేమీ కాదు.

ఊరికి రాకపోకలు. మీకు చెన్నై దగ్గర. గుంటూరు మీదుగా వచ్చే రాత్రి రైలు ఎక్కితే తెల్లారేసరికి మిర్యాలగూడ దిక్కు ఉంటారు. ముంబై నుంచైతే రాత్రంతా ప్రయాణం చేసి హైదరాబాద్‌లో దిగి మళ్లీ బస్సు పట్టుకోవాలి. నారాయణపేట, మక్తల్ వాళ్లు ఇది చదువుతుంటే మీ లెక్క వేరు. ముంబై–చెన్నై పాత లైను మన కృష్ణ స్టేషన్ మీదుగానే పోతుంది. 2023 అక్టోబరులో జక్లేర్–కృష్ణ లైను కూడా మొదలైంది కాబట్టి రాయచూరు దాకా పోవడం తేలికైంది. మీకు రెండు ఊర్లూ అటూ ఇటూగా ఒకటే. పండగల సంగతి చూస్తే, పొంగల్‌కు చెన్నైలో వరసగా సెలవులు వస్తాయి, దసరాకు ఆయుధపూజతో కలిపి రెండు రోజులు దొరుకుతాయి. బతుకమ్మకు ఇంటికి రావాలంటే టికెట్లు రెండు నెలల ముందే తీసుకో, ఆ వారం రైళ్లలో చోటు ఉండదు.

చేరే నెల గురించి కంపెనీతో మాట్లాడగలిగితే జనవరి, ఫిబ్రవరి అడుగు. ముందు నువ్వొక్కడివే వచ్చి చవక లాడ్జిలో ఉండి, మూడు ఇండ్లు షార్ట్‌లిస్ట్ చేసుకుని, ఒక్కో ఇంటి నుంచి ఆఫీసుకు పొద్దున తొమ్మిదింటికి వెళ్లి, సాయంత్రం ఆరున్నరకు తిరిగి రా. ఆదివారం నాడు వేసిన ప్రయాణం లెక్కను నమ్మకు. ఇల్లు కుదిరి గ్యాస్, నీళ్ల క్యాన్ కుర్రాడు, దగ్గర్లో ఒక డాక్టరు, ఈ మూడూ తెలుసుకున్నాక అమ్మను తీసుకురా.

గిండీలో ఆఫీసు మెట్రో స్టేషన్‌కు ఏ వైపు ఉందో, అమ్మ మెట్లు ఎక్కగలదో లేదో కింద రాయి. దాన్ని బట్టి నంగనల్లూరా, క్రోంపేటా అన్నది చెప్తాను.